ఉమ్మడి టేకు తోట ఒప్పందం భూమి కొన్నవారికి వర్తిస్తుందా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. పదకొండు కుటుంబాల పట్టా భూముల్లో పక్కపక్కనే ఉన్న 26 ఎకరాల టేకును వంతులవారీగా, అందరి సమ్మతితోనే కొట్టాలనీ, కొట్టిన కలప డబ్బు వాటాల ప్రకారం పంచుకోవాలనీ, కావలి, ఫైర్ లైన్ల (మంట పాకకుండా శుభ్రం చేసి ఉంచే దారుల) ఖర్చు కలిసి భరించాలనీ, భూమి అమ్మేముందు మిగతావారికి తెలపాలనీ 2011లో వంద రూపాయల స్టాంపు కాగితంపై రాసుకున్నాం. రిజిస్టర్ చేయించలేదు. మా నాన్నగారు కావడితో నీళ్లు మోసి పెంచిన చెట్లవి. 2024 ఆగస్టులో ఒకరు తన నాలుగెకరాలు ఎవరికీ చెప్పకుండా అమ్మేశారు. కొన్న వ్యక్తి మొత్తం నరికిస్తానంటున్నాడు. పాత తేదీ స్టాంపు కాగితం ఒకటి దొరికింది, దానిపై కొత్తగా రాసుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీల్లో మూడు మీ నాన్నగారి కష్టానికే సరిపోయాయి. కోర్టు దాన్ని చూడదు. కేసును తేల్చేది మీరు చివరలో ప్రస్తావించి వదిలేసిన ఒక సంగతి: ఈ కొనుగోలుదారుడే 2022లో మీరు తోట పలచన చేసినప్పుడు అరవై వాసాలు కొని, మీ జమాఖర్చుల పుస్తకంలో సంతకం పెట్టాడు.

ఆస్తి బదలాయింపు చట్టం 40వ సెక్షన్ ప్రకారం, పక్క భూమిని ఫలానా విధంగా వాడకూడదని నిరోధించే హక్కు మన భూమి మేలు కోసం ఉన్నప్పుడు, ఆ సంగతి తెలిసి కొన్నవారిపై దాన్ని అమలు చేయించవచ్చు. డబ్బిచ్చి, తెలియక కొన్నవారిపై చేయించలేము. కనుక అతనికి ముందే తెలుసునా అన్నదే ప్రశ్న. సంతకమున్న పుట పైన "పదకొండు మంది కట్టుబాటు ప్రకారం పలచన" అని రాసి ఉందంటున్నారు కాబట్టి, తెలియదని అతను తప్పించుకోవడం కష్టం.

ఇక రిజిస్ట్రేషన్ లోపం. చట్టం దృష్టిలో నిలువు కలప, అంటే త్వరలో కొట్టడానికి నిలిచి ఉన్న చెట్లు, స్థిరాస్తి కాదు. అయితే వెంటనే కొట్టకుండా ఇంకా నేల సారం పీల్చి ఎదగడానికి వదిలిన చెట్లు స్థిరాస్తి కిందకే వస్తాయని శాంతాబాయి కేసులో 1958లో సుప్రీంకోర్టు చెప్పింది. అందువల్ల మీ కాగితంలోని "కలప డబ్బులో వాటా" షరతు ఎదుగుతున్న చెట్లలో హక్కు ఇచ్చినట్టవుతుందనీ, రిజిస్టర్ కాలేదు కనుక చెల్లదనీ ఎదుటి న్యాయవాది తప్పక వాదిస్తాడు. దావాలో ఆ షరతు జోలికి పోకండి. "సమ్మతి లేకుండా నరకరాదు" అన్నదాని మీదే నిలబడి, ఆ నిరోధం మీ చెట్లను గాలి నుంచి, అగ్ని నుంచి ఎలా కాపాడుతుందో వివరించండి.

పదమూడేళ్లు 26 ఎకరాలను కాపాడుకున్నవారు ఆ పుస్తకాన్ని పశువుల కొట్టం అటకపై ఎలుకలకు వదిలేయడం క్షమించరాని అజాగ్రత్త. ఈ రోజే దించి, ప్రతి పుటనూ ఫోటో తీయించి, అసలును మీ న్యాయవాది దగ్గర ఉంచండి.

పాత తేదీ స్టాంపు కాగితాన్ని ముట్టుకోవద్దు. దానిపై కొత్తగా రాసి పాత తేదీ వేస్తే అది ఫోర్జరీ. విలువైన పత్రం ఫోర్జరీకి భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్ కింద యావజ్జీవ శిక్ష వరకు పడవచ్చు. స్టాంపు విక్రేత రిజిస్టరు తెప్పిస్తే అబద్ధం అరగంటలో బయటపడుతుంది, దాంతోపాటు నిజమైన 2011 కాగితాన్నీ ఎవరూ నమ్మరు. ఆ కాగితానికి స్టాంపు తక్కువైందని తేలితే పెనాల్టీతో కట్టి సరిచేసుకోవచ్చు, కానీ రిజిస్ట్రేషన్‌కు ఆ అవకాశం లేదు: పత్రం రాసిన నాలుగు నెలల్లో, జరిమానాతో మరో నాలుగు నెలల్లో సమర్పించాలి. ఆ కాలం ఎప్పుడో దాటిపోయింది.

చెప్పకుండా అమ్మినందుకు పాత యజమానిపై నష్టపరిహారం దావాకు గడువు మూడేళ్లు, అంటే 2027 ఆగస్టు వరకు. నరకకుండా ఆపే కోర్టు ఉత్తర్వుకు, అంటే ఇంజంక్షన్‌కు, మాత్రం మీరు అంతకాలం ఆగలేరు, ఎందుకంటే నరికిన టేకును ఏ కోర్టూ తిరిగి నిలబెట్టలేదు. శాశ్వత ఇంజంక్షన్ దావాతోపాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద మధ్యంతర ఉత్తర్వు, ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనర్ నియామకం కోరండి. కమిషనర్ ఆ నాలుగెకరాల్లో చెట్టు చెట్టుకూ నంబరు వేసి, ఛాతీ ఎత్తులో చుట్టుకొలత తీసి, తాజా మోడులుంటే వాటినీ లెక్కించాలి. టేకు నరకడానికీ తరలించడానికీ అనుమతి అవసరం కనుక దావా నంబరుతో అటవీ రేంజి కార్యాలయంలో లిఖితపూర్వక అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి. హక్కుల వివాదాన్ని మాత్రం వారు తేల్చరు.

మిగిలిన పది కుటుంబాలు ఈలోగా సర్వే నంబర్లు, హద్దులు, వంతులు రాసి కొత్త ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించుకోవాలి. సొసైటీ పెడతామన్నారు, సంతోషం; లెక్కలకూ అమ్మకాలకూ పనికొస్తుంది. అయితే సభ్యత్వ పుస్తకం రేపు భూమి కొనేవాడిని కట్టివేయదు. రిజిస్టరైన ఒప్పందమైతే ఈసీలో (భూమిపై నమోదైన లావాదేవీల ధ్రువపత్రంలో) కనబడుతుంది, కొనేవాడు చూడలేదన్నా తెలిసినట్టే లెక్క.