ముందు బాడీ, తర్వాతే లెన్సు

కర్నూలు

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన ఫోటోలన్నీ పెద్దవి చేసి చూశాను. మీ నాన్నగారి పెంటాక్స్ కె1000 ఫిల్ము కెమెరా పైకి బాగానే ఉంది. నాకు నచ్చనిది నీ తొందర. వెనక తలుపు అంచుల్లో నల్లటి జిగురు కారుతోంది, వెలుతురు కొలిచే మీటరు ముల్లు కదలడం లేదు, ఫిల్ము ముందు తెరుచుకుని మూసుకునే షట్టర్ సంగతి ఇంకా తేలలేదు. ఈలోపే హీలియోస్ లెన్సు కొన్నావు, దాన్ని ఈ కెమెరాకు తగిలించే ఉంగరం, అదే అడాప్టర్, తెప్పించావు, గండికోట ప్రయాణం కూడా పెట్టుకున్నావు. బాగుచేయని బాడీ, ఎవరెవరి చేతుల్లో తిరిగిందో తెలియని లెన్సు, చౌక అడాప్టర్, ఈ మూడింటినీ కలిపి ఒకేసారి రీలు వేస్తే, ఫోటో చెడినప్పుడు తప్పు దేనిదని తేలుస్తావు? కాబట్టి కెమెరాతో వచ్చిన 50 ఎం.ఎం. లెన్సుతోనే ముందు ఒక రీలు పూర్తిచెయ్యి. ఆ నెగటివ్ చూసేదాకా హీలియోస్‌ను పెట్టెలోంచి తీయకు.

మీటరు చచ్చిందని కెమెరా చచ్చినట్టు మాట్లాడావు. 1976లో వచ్చి 1997 దాకా పెద్ద మార్పులు లేకుండా తయారైన మోడల్ అది. షట్టర్ మొత్తం స్ప్రింగుల మీదే నడుస్తుంది. బ్యాటరీ లేకపోయినా 1 సెకను నుంచి 1/1000 దాకా అన్ని వేగాలూ పనిచేస్తాయి. బ్యాటరీ అవసరం మీటరు ఒక్కదానికే. అడుగున ఉన్న బ్యాటరీ మూతను నాణెంతో తిప్పి తెరువు. లోపల తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే పాత సెల్ కారిందన్నమాట. ఆ కారినది క్షారం, దానికి విరుగుడు నిమ్మరసమే. చెవి పుల్లకు చుక్క అంటించి తుడువు, తర్వాత స్పిరిట్‌తో ఆ తడి తీసెయ్యి. మూత లోపలి లోహాన్ని కూడా రుద్దడం మరచిపోవద్దు, సగం మంది అక్కడే వదిలేస్తారు. కొత్తగా వేసేటప్పుడు ఎల్‌ఆర్44 కన్నా ఎస్‌ఆర్44 సెల్ అడుగు, వాచీల దుకాణాల్లో దొరుకుతుంది. దాని వోల్టేజి చివరిదాకా నిలకడగా ఉంటుంది. ఈ కెమెరా మీటరుకు స్విచ్ లేదు, లెన్సు మూతే స్విచ్. మూత పెట్టకుండా బీరువాలో పెడితే సెల్ ఊరికే ఖర్చవుతుంది.

ముల్లు కదిలితే సరిపోదు, నిజం చెబుతోందో లేదో చూడాలి. దానికి కడప ఎండకు మించిన పరికరం లేదు. మబ్బులేని మధ్యాహ్నం, డయల్ మీద ఫిల్ము వేగం 200 పెట్టి, లెన్సు రంధ్రం కొలత, అంటే అపర్చర్, 16, షట్టర్ 1/250 పెట్టు. ఎండ సమంగా పడుతున్న పచ్చని చేను వైపో గడ్డి వైపో చూడు. ఆకాశం ఫ్రేములోకి రానివ్వకు. ముల్లు నడిమికి దగ్గరగా నిలవాలి. ఒక స్టాపు, అంటే వెలుతురు రెట్టింపో సగమో అయ్యేంత తేడా, అటో ఇటో ఉంటే మీటరును విప్పే పని పెట్టుకోకు, ఫిల్ము వేగం డయల్‌ను అంత మేరకు జరిపి వాడుకో.

షట్టర్‌ను పరీక్షించడానికీ విప్పనక్కర్లేదు. రీలు లేకుండా వెనక తలుపు తెరిచి, లెన్సు తీసి, సూర్యుడు లేని వైపు ఆకాశానికి పెట్టి 1/1000లో నొక్కు. వెనక నుంచి చూస్తే ఫ్రేము అంతటా వెలుగు ఒకేలా మెరవాలి. ఒక పక్క నల్లగా కనబడితే రెండు తెరల పరుగులో తేడా వచ్చిందన్నమాట. అది ఇంట్లో అయ్యే పని కాదు. నెమ్మది వేగాల లెక్క తేల్చడానికి నీ ఫోనులో స్లో మోషన్ ఉంది కదా. అది సెకనుకు 240 ఫ్రేములు తీసేదైతే, ఫిల్ము గేటు, అంటే ఫిల్ము ఆనుకునే కిటికీ, మధ్యలో వెలుగు కనబడే ఫ్రేములు లెక్కపెట్టు. 1 సెకనుకు 240, 1/30కి 8, 1/60కి 4 రావాలి. అంతకన్నా వేగమైనవాటికి ఫోను చాలదు. ఏళ్ళ తరబడి కదలని షట్టర్ మొదట బద్ధకిస్తుంది కాబట్టి, ప్రతి వేగంలోనూ బాగా నొక్కి నొక్కి కాస్త మేలుకొలిపాకే లెక్కపెట్టు. 1/1000 దగ్గర 1/700 వస్తోందని తేలినా కంగారు పడకు. తేడా అర స్టాపే, నెగటివ్ ఫిల్ము దాన్ని పట్టించుకోదు.

ఇక జిగురు సంగతి. నీ కెమెరాకు అసలు జబ్బు అదే. వెనక తలుపు కూర్చునే పై గాడిలోనూ కింది గాడిలోనూ, కీలు పక్కనా, లోపల అద్దం పైకి వెళ్ళి తగిలే చోటా కంపెనీవాళ్ళు నల్ల ఫోమ్ అంటించారు. ఆ ఫోమ్ కాలం గడిచేకొద్దీ కరిగి తారులా మారుతుంది. వెలుతురు ఆపడం మానేస్తుంది, ఒక్కోసారి అద్దాన్ని పైనే అతికించేస్తుంది. దాన్ని తీయడానికి లోహపు పనిముట్టు వాడకు. అగరుబత్తి కాలిపోయాక మిగిలిన వెదురు పుల్లను ఉలి మొనలా చెక్కి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, నెమ్మదిగా గోకు. పని మొదలుపెట్టేముందు షట్టర్ తెర మీద అట్టముక్క అడ్డం పెట్టడం మాత్రం తప్పనిసరి. తెర రబ్బరు పూసిన గుడ్డ, ఆల్కహాల్ దాని మీద పడకూడదు. అద్దం దగ్గరి ఫోమ్ తీసేటప్పుడు కెమెరాను తలకిందులు చేయకు, లెన్సు తీసిన నోరు నేలవైపు ఉండేలా పట్టుకో, నలుసులు పైనున్న ఫోకస్ గాజు మీద పడవు. పడినా తుడవకు, గాలి బుడ్డితో ఊదు. ఆ గాజు నిజానికి ప్లాస్టిక్, ఆల్కహాల్ తగిలితే పాడవుతుంది. అద్దానికి మెరిసే పూత పైవైపే ఉంటుంది, మెత్తటి గుడ్డతో రుద్దినా గీతలు పడతాయి. మురికి అద్దంతో ఫోటో చెడదు. గీతల అద్దాన్ని చూస్తూ రోజూ బాధపడాల్సింది నువ్వే.

కొత్తగా ఏం పెట్టాలని అడిగావు. గాడుల్లోకి నల్ల ఊలు దారం చాలు, పుల్లతో అదిమితే చక్కగా కూర్చుంటుంది. కీలు పక్కన నల్ల వెల్వెట్ ముక్క అంటించు. టైలర్లను అడిగితే తుంపులు ఊరికే ఇస్తారు. అద్దం దగ్గర మాత్రం మెత్తటి ఫోమే కావాలి, అదీ పాతదాని మందంలోనే. మందం ఎక్కువైతే అద్దం పూర్తిగా లేవదు. ఇంత చేశాక కూడా వెలుతురు చొరబడుతోందా అన్నది నెగటివే చెబుతుంది. నల్లటి మరక ఫ్రేము దాటి అంచు రంధ్రాల దాకా పాకితే తలుపు నుంచి వచ్చింది. ఫ్రేము లోపలే, చాలా ఫ్రేముల్లో అదే చోట కనబడితే షట్టర్ తెరకు చిల్లు పడిందని అనుమానించు.

ఇంతకు మించి విప్పకు. పైమూత నీ పని కాదు. అడుగు రేకు తీసి చూడాలనిపిస్తే తీయవచ్చు గాని, దానికి జపాన్ కొలత స్క్రూడ్రైవర్ కావాలి. బజారులో దొరికే మామూలు నక్షత్రపు మొన ఆ స్క్రూలకు సరిగ్గా కూర్చోదు, తలలు అరిగిపోతాయి. నేలను తడిగుడ్డతో తుడిచి, ఫ్యాన్ ఆపి, అంచులున్న పళ్ళెంలో తెల్ల తువాలు పరిచి కూర్చో. మీ వీధి చివర కడప బండలు కోసే యంత్రం ఉందన్నావు. అది నడుస్తున్నంతసేపూ ఏదీ తెరవకు. ఆ రాతి పొడి గ్రీజులో కలిసిందంటే ఫోకస్ రింగు జీవితాంతం గరగరలాడుతుంది. నూనె మాట అసలు ఎత్తకు. కుట్టుమిషన్ నూనె పోసి షట్టర్ బాగైందని చెప్పి డబ్బులు తీసుకునేవాళ్ళను చాలామందిని చూశాను. నెల తిరిగేసరికి ఆ నూనె తెర మీదికీ అపర్చర్ రేకుల మీదికీ పాకుతుంది. బీరువాలో ఉన్న ఆ పాత ఫ్లాష్‌ను కూడా విప్పవద్దు. దాని కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా దాగి ఉంటుంది, బ్యాటరీలు తీసినా వెంటనే పోదు.

ఇప్పుడు నీకిష్టమైన లెన్సుల దగ్గరికి వద్దాం. ఏ లెన్సు ఏ బాడీకి పనికొస్తుందో తేల్చేది బాడీ మీద లెన్సు బిగించే చోటు, అంటే మౌంటు, ముఖం నుంచి ఫిల్ము దాకా ఉండే దూరం. స్క్రూ కొలత చూసి కొనేవాళ్ళే మోసపోతారు. నీ పెంటాక్స్‌లో ఆ దూరం 45.46 ఎం.ఎం. లెన్సు కోరే దూరం అంతకన్నా ఎక్కువైతే మధ్యలో అడాప్టర్‌కు చోటు దొరుకుతుంది, తక్కువైతే దూరపు వస్తువులు ఎప్పటికీ ఫోకస్‌లోకి రావు. హీలియోస్‌ది 42 ఎం.ఎం. స్క్రూ, అంటే ఎం42 మౌంటు. దానికీ సరిగ్గా 45.46 కావాలి. ఇది యాదృచ్ఛికం కాదు. 1975లో పెంటాక్స్ తయారుచేసే ఆసాహీ కంపెనీ ఎం42 వదిలి కె మౌంటుకు మారినప్పుడు పాత లెన్సులు పనికిరాకుండా పోకూడదని దూరాన్ని అలాగే ఉంచింది. అందుకే అసలు అడాప్టర్ పలుచటి ఉంగరంలా మౌంటు లోపలికి దిగిపోతుంది. నువ్వు తెప్పించిన చౌకదాన్ని ఒకసారి పరీక్షగా చూడు. బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటే ఆ అంచు మందం మేరకు లెన్సు ముందుకు జరుగుతుంది, దూరం పోతుంది. మిద్దె ఎక్కి ఫోకస్ రింగును చివరిదాకా తిప్పి పాలకొండల వైపు చూడు. కొండ గీత మసకగానే ఉంటే అడాప్టర్‌ను తిరిగి పంపించెయ్యి.

కానన్ ఎఫ్‌డి లెన్సులు చౌకగా వస్తున్నాయని రాశావు. వాటి దూరం 42, నీ బాడీకి పనికిరావు. మధ్యలో గాజు పెట్టిన అడాప్టర్లు అమ్ముతారు, నేనైతే వాటి మీద పైసా పెట్టను. మంచి లెన్సు ముందు పెట్టి వెనక నాసిరకం గాజు తగిలించడం దేనికి? నికాన్‌ది 46.5, మిగిలే చోటు 1 ఎం.ఎం. మాత్రమే, ఆ జోలికీ పోకు. పెంటకాన్ సిక్స్ అనే పెద్ద ఫిల్ము కెమెరా లెన్సులకు 74.1 కావాలి కాబట్టి అవి హాయిగా కూర్చుంటాయి, బరువు మాత్రం మోయాలి. అన్నిటికన్నా పెద్ద ఉచ్చు రష్యన్ 39 ఎం.ఎం. స్క్రూ లెన్సులది. పాత జెనిత్ కెమెరాకు చేసినవీ జోర్కీ కెమెరాకు చేసినవీ ఒకే మరకు ఎక్కుతాయి. జోర్కీ లెన్సుకు కావలసిన దూరం 28.8 మాత్రమే. అది నీ కెమెరాకు తగిలిస్తే ముక్కు ముందున్న పువ్వు తప్ప మరేదీ ఫోకస్ కాదు.

అడాప్టర్ వాడుకలో ఒక చిక్కుంది. లెన్సును తిప్పి తీస్తే లెన్సు ఒక్కటే వస్తుంది, ఉంగరం బాడీలోనే ఉండిపోతుంది. ఇరుక్కుపోయిందని పట్కారు తెచ్చేవు! దానికి చిన్న స్ప్రింగు ఉంటుంది, గోటితో అదిమి తిప్పితే ఊడివస్తుంది. మొదటిసారి ఏ కొత్త లెన్సు పెట్టినా దూరపు గుర్తు దాకా తిప్పి, నొక్కినంతసేపూ షట్టర్ తెరిచే ఉండే బి మీద పెట్టి మెల్లగా నొక్కి చూడు. లెన్సు వెనక భాగం అద్దానికి తగిలితే అక్కడే తెలిసిపోతుంది.

నీది హీలియోస్ 44-2 కావడం మంచిదైంది. దానికి రెండు రింగులు. ఒకదానితో అపర్చర్ ముందే నిర్ణయించుకుంటావు, రెండోదానితో తెరిచి మూస్తావు. తెరిచి ఫోకస్ చెయ్యి, మూసి ముల్లును నడిమికి తెచ్చుకో, నొక్కు. దాని రేకుల మీద కాస్త నూనె మెరుస్తున్నా ఫరవాలేదు, చేత్తో తిప్పేదే కదా. అదే ఆటోమేటిక్ లెన్సులో అయితే రేకులు ఆలస్యంగా మూసుకుని ఫోటో తెల్లబోతుంది. 44ఎం-4 మాత్రం కొనకు. దానికి ఆటో, మాన్యువల్ మీట లేదు, ఈ అడాప్టర్‌లో ఎప్పుడూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది.

పసుపెక్కిన పాత ఆసాహీ లెన్సు తకుమార్ 50/1.4 ఒకటి తక్కువకు దొరుకుతోందన్నావు కదా, తీసుకో. అందులో ఒక గాజులో థోరియం ఉంటుంది, పసుపు రంగు దాని వల్లే. వాడుకలో భయపడాల్సినంత కిరణాలు రావు. కంటికి ఆనించుకుని భూతద్దంలా మాత్రం చూడకు. అతినీలలోహిత వెలుగు తగిలితే పసుపు విరుగుతుంది. కిటికీ దగ్గర ఉదయపు ఎండలో కొన్ని వారాలు పెట్టు, మధ్యాహ్నపు ఎండకు పెట్టావంటే గ్రీజు కరిగి రేకుల మీదికి దిగుతుంది. కింద వెండి కాగితం పరిచి, దగ్గర్లో గుడ్డలూ కాగితాలూ లేకుండా చూసుకో. పెద్ద కటకం కదా, నిప్పు అంటించగలదు.

గండికోటకు హీలియోస్ ఎందుకో నాకు అర్థం కాలేదు. పెన్నా లోయ ముందు నిలబడి అపర్చర్ 8 లోనో 11 లోనో తీస్తే, నువ్వు ఆశపడే ఆ సుడి తిరిగే మసక రానే రాదు. పైగా 58 ఎం.ఎం. కాబట్టి నీ 50 కన్నా లోయ తక్కువే పడుతుంది. ఎదురెండలో ఫోటో వెలిసినట్టు వస్తుంది, లెన్సుకు ఎండ అడ్డే 49 ఎం.ఎం. హుడ్ ఒకటి కొను. హీలియోస్‌ను మీ అమ్మ ఫోటోకు వాడు. చింతచెట్టు కింద రెండు మీటర్లలోపు కూర్చోబెట్టి, అపర్చర్ 2లో తెరిచి, వెనక ఆకుల సందుల్లో ఎండ మెరిసేటట్టు చూసుకో. అప్పుడు తెలుస్తుంది ఆ లెన్సు దేనికి పుట్టిందో.

కెమెరాను తోలు కేసులోంచి తీసి ఉంచు. మన సీమలో గాలి పొడిగా ఉన్నా తోలు తేమను పట్టి ఉంచుతుంది, బూజు అక్కడే మొదలవుతుంది. సిలికా జెల్ పొట్లం వెయ్యి, కలరా ఉండలు వద్దు. బండి డిక్కీలో ఎండకు వదలకు. రీళ్ళు ఫ్రిజ్‌లో పెడితే, బయటికి తీసిన కొన్ని గంటల తర్వాతే డబ్బా తెరువు.

మొదటి రీలు కడిగించడానికి బెంగళూరుకు పంపినా హైదరాబాదుకు పంపినా, నెగటివ్ ముక్కలు చేయవద్దని చీటీ మీద రాయి. వాళ్ళు పంపే స్కాన్‌లు నాకు అక్కర్లేదు. యంత్రం వెలుగూ చీకటీ తానే సర్దేస్తుంది, తప్పులు కనబడవు. నిడివంతా అలాగే చుట్టి డబ్బాలో పెట్టి నాకు కొరియర్ చెయ్యి. ఫ్రేముల మధ్య ఎడం సమంగా ఉందో లేదో, అంచులు మసకబారాయో లేదో వెలుగుకు పెట్టి చూసి ఫోను చేస్తాను. ఏ ఫ్రేము ఏ వేగంలో, ఏ అపర్చర్‌లో తీశావో ఒక కాగితం మీద రాసి అందులోనే పెట్టు.

ఇట్లు
నీ మామయ్య