లండన్‌లో వచ్చే బీఫోర్‌యూ, మన ఇంట్లో వచ్చే బీఫోర్‌యూ ఒకటేనా?

లండన్‌లో ఉన్న మీ అక్కగారింట్లోనూ, ఇక్కడ మీ ఇంట్లోనూ హిందీ సినిమాల చానల్ బీఫోర్‌యూ మూవీస్ వస్తున్నా, ఒకే రోజు రెండు చోట్లా వేర్వేరు సినిమాలు ఆడుతున్నాయని, ఇవి ఒకే సంస్థవా అని అడిగారు. మీ అమ్మగారూ అక్కగారూ ఫోనులో మాట్లాడుకుంటూ ఒకే సినిమా చూసే వీలుందా అని కూడా అడిగారు. సంస్థ ఒకటే, ప్రసారాలు మాత్రం ప్రాంతానికొకటి. ఈ చానల్‌ను నేను ఉద్యోగరీత్యా బ్రిటన్‌లోనూ, షార్జాలోనూ, తిరిగి వచ్చాక హైదరాబాదులోనూ చూశాను కాబట్టి, తెలిసినంత వరకు చెబుతాను.

చాలామంది దీన్ని ముంబయిలో పుట్టి విదేశాలకు వెళ్లిన చానల్ అనుకుంటారు. నిజానికి 'బాలీవుడ్ ఫర్ యూ' అన్న మాటలను కుదించి పేరు పెట్టుకున్న ఈ చానల్ 1999లో బ్రిటన్‌లో మొదలైంది. జీ టీవీ 1992లో మన దేశంలో మొదలై ఆ తర్వాత సముద్రాలు దాటింది. బీఫోర్‌యూ మాత్రం ప్రవాసుల కోసం పుట్టి, తరువాత ఇండియాకు వచ్చింది. అది ఆ ఏడాదే రావడానికి ఒక సాంకేతిక కారణం కూడా కనబడుతుంది. అక్కడ ఉపగ్రహ టీవీ ప్రసారాలు అందించే స్కై సంస్థ 1998 అక్టోబరులో డిజిటల్ ప్రసారాలు ప్రారంభించింది. అంతకుముందు అనలాగ్ పద్ధతిలో ఉపగ్రహం మీద ఒక్కో ట్రాన్స్‌పాండర్‌లో, అంటే సంకేతాలను అందుకుని తిరిగి భూమికి పంపే పరికరంలో, ఒక్క చానలే పట్టేది; డిజిటల్ వచ్చాక అదే జాగాలో అరడజనుకు పైగా పట్టసాగాయి. జాగా పెరిగేసరికి, ప్రేక్షకులు తక్కువగా ఉన్న భాషలకు కూడా పూర్తిస్థాయి సినిమా చానల్ నడపడం గిట్టుబాటయ్యే పని అయింది.

నేను 2002లో తూర్పు లండన్‌లోని ఈస్ట్‌హామ్‌లో ఒక గుజరాతీ దంపతుల ఇంట్లో పై గది అద్దెకు తీసుకున్నాను. వాళ్లు 1972లో ఉగాండా నుంచి వెళ్లగొట్టబడి వచ్చినవాళ్లు. ఆ ఇంటి పెద్దావిడను అందరూ 'బా' అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ముందుగదిలో గాజు తలుపుల బీరువా నిండా హిందీ సినిమాల వీడియో క్యాసెట్లు ఉండేవి. బీఫోర్‌యూకు నెలనెలా చందా కట్టడం మొదలుపెట్టాక బా ఆ బీరువా తెరవడం మానేసింది గాని, ఒక్క క్యాసెట్‌ను కూడా పారేయనివ్వలేదు. రిమోటుకు పాలిథిన్ కవరు తొడిగి రబ్బరుబ్యాండు వేసి ఉంచేది. మీటల మీది అంకెలు ఆ కవరులోంచి మసకగా కనిపించేవి, అయినా ఆవిడ వేలు తప్పేది కాదు.

నాకు అప్పట్లో హిందీ అంతంతమాత్రంగానే వచ్చు. చాలా సినిమాలకు కింద ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు వచ్చేవి కాబట్టి కథ అర్థమయ్యేది. పాట మొదలవగానే మాత్రం చాలాసార్లు ఆ అక్షరాలు మాయమయ్యేవి. అప్పుడు బా నా వైపు తిరిగి తనకు వచ్చిన నాలుగు ఇంగ్లిష్ ముక్కల్లో పాట అర్థం చెప్పేది. విరహగీతమైనా, వర్షంలో పాటైనా ఆవిడ అనువాదం మొత్తం మీద ఒకేలా ఉండేది. సినిమా కంటే నాకు ఎక్కువ గుర్తున్నవి ప్రకటనలు. అంతర్జాతీయ ఫోను కార్డులు, ఇంటికి డబ్బు పంపే ఏజెన్సీలు, వీసా లాయర్లు, బాస్మతీ బియ్యం, జ్యోతిష్కులు. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదన్న నియమం అక్కడ ఉంది. ఆ పన్నెండు నిమిషాలు చూస్తే చాలు, ఆ చానల్ ఎవరి కోసం నడుస్తోందో తెలిసిపోయేది.

ఇక మీ అసలు ప్రశ్న. మన నిర్మాతలు సినిమాను నైజాం, సీడెడ్, ఆంధ్ర, ఓవర్సీస్ అని ఏరియాలుగా అమ్మడం మీకు తెలిసిందే కదా. టీవీ హక్కుల సంగతీ ఇంచుమించు ఇంతే. ఒక హిందీ సినిమాకు ఇండియాలో శాటిలైట్ హక్కులు ఒక చానల్ కొనుక్కుంటే, బ్రిటన్ హక్కులు ఇంకొకరి దగ్గర, గల్ఫ్ హక్కులు మరొకరి దగ్గర ఉండవచ్చు. పైగా ఆ హక్కులు శాశ్వతం కావు. ఇన్నేళ్లనో, ఇన్నిసార్లు వేసుకోవచ్చనో ఒప్పందం ఉంటుంది. కాబట్టి లండన్ ప్రసారంలో వేసిన సినిమాను ఇండియా ప్రసారంలో వేసే హక్కు అదే సంస్థకు లేకపోవడం వింతేమీ కాదు. దీనికి తోడు కాలమానం ఉంది. లండన్‌లో రాత్రి ఎనిమిదికి వేసే ముఖ్యమైన సినిమా చలికాలంలో మనకు అర్ధరాత్రి దాటి ఒకటిన్నరకు పడుతుంది. అందుచేత ఏ ప్రాంతానికి ఆ ప్రాంతపు కార్యక్రమాల పట్టీ విడిగా తయారవుతుంది. సెలవు రోజులూ అన్నిచోట్లా ఒకటి కావు. 2021 చివరి వరకు షార్జా, దుబాయి ఉన్న ఎమిరేట్స్‌లో వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు; కాబట్టి అప్పట్లో అక్కడ కుటుంబమంతా కూర్చుని సినిమా చూసే రాత్రి గురువారంగా ఉండేది.

షార్జాలో నేను ఎక్కువగా చూసింది బీఫోర్‌యూ అఫ్లామ్. 'అఫ్లామ్' అంటే అరబిక్‌లో సినిమాలు. హిందీ సినిమాను అరబిక్ సబ్‌టైటిళ్లతో అరబ్బు ప్రేక్షకుల కోసమే వేసే చానల్ అది. ఇలాంటివే 2008లో వచ్చిన జీ అఫ్లామ్, 2013లో వచ్చిన ఎంబీసీ బాలీవుడ్. వీటికి చందా అక్కర్లేదు, డిష్ ఉంటే చాలు. నేను వెళ్లే సెలూన్‌లో గోడకు ఎత్తుగా బిగించిన చిన్న టీవీలో ఎప్పుడూ బీఫోర్‌యూ అఫ్లామే నడుస్తుండేది. ఒకసారి నా పక్క కుర్చీలో గడ్డం గీయించుకుంటున్న ఈజిప్టు ఆయన హాస్య సన్నివేశాల్లో ప్రతిసారీ నాకంటే అరక్షణం ముందే నవ్వేవాడు. ఈయనకు ఇంత హిందీ ఎలా వచ్చిందా అనుకున్నాను. తర్వాత తెలిసింది, నటుడు మాట పూర్తి చేసేలోగా కింద వాక్యం మొత్తం వచ్చేస్తుంది, ఆయన దాన్ని చదివేసి నవ్వుతున్నాడు. మంగలి కత్తి పట్టుకుని ఆ నవ్వు ఆగేదాకా ఓపికగా నిలబడేవాడు.

మన వాళ్ల విషయానికొస్తే, దుబాయిలోని సోనాపూర్ కార్మికుల క్యాంపుల్లో ఉండే జగిత్యాల, సిరిసిల్ల వైపు వాళ్లకు హిందీ కొంత ముందే అలవాటు. కోనసీమ నుంచి వచ్చిన కుర్రాళ్లకు అలా కాదు. బంగ్లాదేశీతో, పాకిస్తానీతో, నేపాలీతో మాట్లాడాలన్నా క్యాంపులో హిందీయే దిక్కు. అమలాపురం దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక తమ్ముడు పూర్తిగా ఈ చానళ్ల మీదే హిందీ నేర్చుకుని, సెలవు కావాలని ముదీర్ (మేనేజరు) దగ్గరకు వెళ్లి సినిమా కోర్టు సన్నివేశంలోని వకీలులా విన్నవించుకున్నాడు. సెలవు దొరికింది కూడా.

హైదరాబాదుకు తిరిగి వచ్చాక చూస్తే కథ తిరగబడింది. దూరదర్శన్ వాళ్ల ఉచిత డిష్ సేవ డీడీ ఫ్రీ డిష్‌లో వచ్చిన బీఫోర్‌యూ కడక్‌లో నేను చూసినప్పుడల్లా దక్షిణాది డబ్బింగ్ సినిమాలే కనిపించాయి. మన హీరో పరాయి గొంతుతో హిందీ మాట్లాడుతుంటే నాకు పది నిమిషాలు కూడా కూర్చోబుద్ధి కాలేదు. అయితే ఉత్తరాదిలో వాటికి గిరాకీ ఉందన్నది కాదనలేని విషయం.

లండన్ ప్రసారాన్ని ఇక్కడ చూడడం గురించి. ఇంటర్నెట్ మీద అన్ని దేశాల చానళ్లూ వస్తాయని చెప్పి అమ్మే పెట్టెల జోలికి దయచేసి వెళ్లకండి. షార్జాలో ఒక దుకాణంలో నేనూ మూడు వందల దిర్హములు పోసి అలాంటిదొకటి కొన్నాను. నాలుగు నెలలకు తెర నల్లబడింది; వెళ్లి చూస్తే ఆ దుకాణం ఉన్న చోట మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. పైన చెప్పిన హక్కుల లెక్క ప్రకారం ఆ పెట్టెలో వచ్చేదంతా దొంగ ప్రసారమని నాకు అప్పటికి తట్టలేదు.

మీ అమ్మగారికీ అక్కగారికీ కావలసింది ఒకే సినిమా గాని ఒకే చానల్ కాదు కదా. హక్కుదారులే యూట్యూబ్‌లో పెట్టిన పాత హిందీ సినిమాలు చాలా ఉన్నాయి. వాటిలోనూ కొన్ని కొన్ని దేశాల్లో తెరుచుకోవు కాబట్టి, ముందురోజే ఇద్దరూ ఒకసారి తెరిచి చూసుకోవాలి. శనివారం లండన్‌లో మధ్యాహ్నం రెండున్నరకు మొదలుపెడితే చలికాలంలో ఇక్కడ రాత్రి ఎనిమిదవుతుంది. మార్చి చివరలో వాళ్లు గడియారాలు గంట ముందుకు జరుపుతారు కాబట్టి అప్పటి నుంచి అక్టోబరు చివరి దాకా ఇక్కడ ఏడింటికే కూర్చోవలసి ఉంటుంది.