మామిడి మొదల్లో పొట్టు: అది వెల్వెట్ వార్మ్ కాదు

ప్రశ్న: పదిహేనేళ్ల మామిడి చెట్టు మొదట్లో పొట్టు రాలుతోంది, ఒక కొమ్మ ఎండింది. దాన్ని చీలిస్తే వేలంత లావు తెల్ల పురుగు దొరికింది. ఫోన్‌లో వెతికితే ‘వెల్వెట్ వార్మ్’ అని వచ్చింది. మా నాయన ఆరుద్ర పురుగు పిల్లేమో అంటున్నాడు. ఏ మందు కొట్టాలి?
– ఒక రైతు, పర్వతగిరి, వరంగల్ జిల్లా

జవాబు: మీ ఫొటోలోని పురుగుకు కాళ్లు లేవు. గోధుమరంగు గట్టి తల, మడతలు పడిన మీగడరంగు ఒళ్లు. అది మామిడి కాండం తొలిచే పెంకు పురుగు పిల్ల.

వెల్వెట్ వార్మ్‌కు జాతిని బట్టి 13 నుంచి 43 జతల పొట్టి కాళ్లుంటాయి. చెట్టును తొలవదు. తడి ఆకుల కింద దాక్కుని, జిగురు చిమ్మి చిన్న పురుగులను పట్టి తింటుంది. మన దేశంలో 1911లో సియాంగ్ లోయలో, ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లో దొరికింది. వందేళ్లు దాటాక మళ్లీ అక్కడే కనిపించింది. మన ఎండలకు దాని ఒళ్లు ఇట్టే ఎండిపోతుంది.

ఇక తొలకరికి చేలల్లో పాకే ఆరుద్ర పురుగు ఎనిమిది కాళ్ల నల్లి జాతి. పంటకు చెరుపు చేయదు, దాన్ని చంపకండి.

మీ చెట్టుకు పైన మందు కొడితే డబ్బు దండగ, లోపలి పురుగుకు చేరదు. సాయంత్రం మొదలు చుట్టూ పొట్టంతా ఊడ్చేయండి. పొద్దున్నే ఏ రంధ్రం కింద కొత్త పొట్టు పడిందో, పురుగు అందులో ఉన్నట్టు. సైకిల్ చువ్వను మెల్లగా లోపలికి తోయండి. మెత్తగా తగిలితే గట్టిగా పొడవండి, కొనకు తెల్లటి రసం అంటుతుంది. తర్వాత పెట్రోలులో తడిపిన దూదిని రంధ్రంలో కుక్కి బంకమట్టితో మూసేయండి. ఆ పని చేసేటప్పుడు దగ్గర్లో బీడీ కూడా వెలిగించొద్దు. పాత పుస్తకాల్లో ఇందుకు డైక్లోర్వాస్ వాడమని ఉంటుంది. 2020 డిసెంబరు 31 నుంచి అది నిషేధం, ఎవరైనా అమ్మజూపినా తీసుకోకండి. వారం తర్వాత మళ్లీ చూడండి, పొట్టు పడుతుంటే ఇంకో పురుగు ఉన్నట్టే.

ఎండిన కొమ్మను పచ్చి భాగం దాకా కోసి కాల్చేయండి. గట్టున పడేస్తే అందులోంచే పెంకు పురుగులు బయటికొస్తాయి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లతో బోర్డో పేస్టు చేసి కోత మీద, మొదలు మీద పూయండి. ఇనుప పాత్రలో మాత్రం కలపొద్దు.

వానలు మొదలయ్యాక రాత్రి మోటారు కాడ బల్బు దగ్గర చూస్తుండండి. బూడిదరంగు ఒళ్లు, మెడ మీద రెండు నారింజ మచ్చలు, పొడవాటి మీసాలున్న పెంకు పురుగు వాలితే అక్కడే చంపండి. బెరడు పగుళ్లలో గుడ్లు పెట్టేది అదే.