పాఠకుల ప్రశ్నలు: ఒకే జట్టుకు 38 ఏళ్లు శిక్షణ ఇచ్చిన ప్యాట్ సమ్మిట్

అమెరికా కళాశాలల మహిళా బాస్కెట్‌బాల్ గురించి గత సంచికలో వచ్చిన వ్యాసంలో టెన్నెసీ విశ్వవిద్యాలయం శిక్షకురాలు ప్యాట్ సమ్మిట్ పేరును ఒక్క వాక్యంలో ప్రస్తావించాము. ఆమె గురించి ఇంకా తెలుసుకోవాలని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పలువురు ఉత్తరాలు రాశారు. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: ప్యాట్ సమ్మిట్ 22 ఏళ్ల వయసుకే ప్రధాన శిక్షకురాలు అయ్యారని రాశారు. తన వయసు అమ్మాయిలకే ఆమె శిక్షణ ఎలా ఇవ్వగలిగారు? అంత చిన్న వయసులో ఆ ఉద్యోగం ఎవరిచ్చారు?
– డిగ్రీ విద్యార్థిని, ఎచ్చెర్ల

జవాబు: అమ్మా, ఆ ఉద్యోగం అప్పట్లో ఎవరూ పోటీపడి కోరుకునేది కాదు. ఈ సంగతి తెలిస్తేనే ఆమె తొలి సంవత్సరాలు సరిగా అర్థమవుతాయి. సమ్మిట్ 1952 జూన్ 14న టెన్నెసీ రాష్ట్రంలోని క్లార్క్స్‌విల్‌లో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. ముగ్గురు అన్నలతో కలిసి పొలం పనులు చేస్తూ, రాత్రిపూట గడ్డివాములు పేర్చే అటక మీద వాళ్లతోనే బంతి ఆడుతూ పెరిగారు. ఆ ఊరి ఉన్నత పాఠశాలలో బాలికల జట్టు లేకపోవడంతో, కూతురు ఆడుకోవడానికి వీలుగా తల్లిదండ్రులు కాపురాన్నే దగ్గరలోని హెన్రియెట్టాకు మార్చారు. ఆమె జీవితంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించేది ఈ ఒక్క నిర్ణయమే.

1974లో డిగ్రీ పూర్తిచేసి, పోస్టుగ్రాడ్యుయేషన్ చదువుకుంటూ జట్టుకు సహాయకురాలిగా పనిచేయడానికి ఆమె నాక్స్‌విల్‌లోని టెన్నెసీ విశ్వవిద్యాలయానికి వచ్చారు. అప్పటి ప్రధాన శిక్షకురాలు తప్పుకోవడంతో ఆ బాధ్యత ఈమె మీద పడింది. జీతం నెలకు 250 డాలర్లు. ఒకపక్క తన చదువు, మరొకపక్క వ్యాయామ విద్య తరగతులు చెప్పడం, ఇంకొకపక్క తాను ఒలింపిక్ జట్టులో చోటు కోసం గాయపడిన మోకాలితో చేసే సాధన, వీటన్నిటి నడుమ ఆమె జట్టును నడిపారు. జట్టు వ్యానును తానే నడిపేవారు, క్రీడాకారిణుల దుస్తులను తానే ఉతికేవారు. ఆ దుస్తులు కూడా డోనట్లు అమ్మి కూడబెట్టిన డబ్బుతో కొన్నవే. ఆ మొదటి జట్టులో కొందరు ఆమెకంటే ఒక్క ఏడాది మాత్రమే చిన్నవారు. మొదటి మ్యాచ్‌లో మెర్సర్ చేతిలో 83–84తో, అంటే ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. ఆ సీజను మొత్తం మీద 16 గెలిచి 8 ఓడారు.

చదువుకునే చోట స్త్రీ పురుష వివక్షను నిషేధించే టైటిల్ నైన్ అనే చట్టం 1972లోనే వచ్చింది గాని, దాని ఫలం మైదానం దాకా రావడానికి ఏళ్లు పట్టింది. కళాశాలల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ మహిళలకు జాతీయ టోర్నమెంటు పెట్టినది 1982లో. అంటే సమ్మిట్ ఉద్యోగంలో చేరిన ఎనిమిదో సీజనులో. ఆమె తన ఉద్యోగంతోపాటే తన ఆట స్థాయిని కూడా నిర్మించుకుంటూ వచ్చారు. 1976లో మాంట్రియల్‌లో మహిళల బాస్కెట్‌బాల్‌ను తొలిసారి ఒలింపిక్స్‌లో చేర్చినప్పుడు రజతం గెలిచిన అమెరికా జట్టుకు ఆమె సహ నాయకురాలు. 1984లో లాస్ ఏంజెలిస్‌లో స్వర్ణం గెలిచిన జట్టుకు శిక్షకురాలు.

ప్రశ్న: ఆమె 8 జాతీయ టైటిళ్లు గెలిచారని చదివాను. మా పాఠశాలలో మూడేళ్లుగా బాలికల జట్టును తయారుచేస్తున్నాను. మండల స్థాయి దాటలేకపోతున్నాము. ఆమెకు మొదటి టైటిల్ ఎన్నాళ్లకు వచ్చింది?
– పీఈటీ, బొబ్బిలి

జవాబు: మాష్టారూ, పదమూడో సీజనులో వచ్చింది. దానికి ముందు 1980లోను, 1981లోను అప్పటి మహిళల సంఘం నడిపిన జాతీయ పోటీల ఫైనల్‌లో ఆమె జట్టు వరుసగా ఓడిపోయింది. ఎన్‌సీఏఏ పోటీలు మొదలయ్యాక 1984లో మళ్లీ ఫైనల్‌లో ఓడింది. చివరకు 1987లో లూసియానా టెక్ జట్టును 67–44తో ఓడించి తొలి టైటిల్ అందుకుంది. ఆ తరువాత 1989, 1991, 1996, 1997, 1998, 2007, 2008 సంవత్సరాల్లో గెలిచింది. పన్నెండు సీజన్లు టైటిల్ లేకుండా గడిచినా ఆమెను మార్చి మరొకరిని తెద్దామని విశ్వవిద్యాలయం తొందరపడలేదు. ఆ ఓర్పులో సగం గౌరవం ఆ సంస్థకు దక్కాలని నా అభిప్రాయం.

ఈ ఎనిమిదింటిలో 1998 టైటిల్ గురించే అందరూ చెప్పుకుంటారు, ఎందుకంటే ఆ సీజనులో ఆడిన 39 మ్యాచ్‌లూ గెలిచారు. మీవంటి శిక్షకులు మాత్రం దానికి ముందు సంవత్సరాన్ని చూడాలి. 1996–97లో ఆ జట్టు 10 మ్యాచ్‌లు ఓడిపోయింది. అన్ని ఓటములున్న జట్టు జాతీయ విజేత కావడం అరుదు. సమ్మిట్ ప్రతి సీజనుకు ముందు కావాలని బలమైన ప్రత్యర్థులను వెతికి మరీ మ్యాచ్‌లు కుదుర్చుకునేవారు. బలహీన జట్లతో ఆడి గెలుపుల సంఖ్య పెంచుకోవడం ఆమెకు నచ్చేది కాదు. నవంబరులో, డిసెంబరులో పడిన దెబ్బల నుంచి ఏమి సరిదిద్దుకోవాలో తెలుసుకుని, మార్చి నాటికి ఆ అమ్మాయిలు వేరే జట్టుగా మారేవారు. సాధనలో తమకంటే ఎత్తుగా, వేగంగా ఉండే మగ విద్యార్థులతో తన క్రీడాకారిణులను ఆడించడమూ ఇందుకే. బంతి వేయడం కంటే ముందుగా ప్రత్యర్థిని అడ్డుకోవడం, రింగుకు తగిలి వెనక్కి వచ్చిన బంతిని అందుకోవడం, ఈ రెండింటినీ ఆమె గట్టిగా నేర్పేవారు. బంతి వేసే గురి ఒకరోజు కుదురుతుంది, ఒకరోజు కుదరదు. అడ్డుకోవడం మాత్రం ప్రతిరోజూ చేయగలిగిన పని.

మన దగ్గర అంతర కళాశాలల పోటీలకు రెండు మూడు వారాల ముందు జట్టును ఎంపిక చేసి, పోటీ అయిపోగానే వదిలేసే అలవాటు చాలాచోట్ల ఉంది. మీరు మూడేళ్లుగా అదే పిల్లలతో ఉన్నారు గనుక, మండల స్థాయి టోర్నమెంటు కోసం ఎదురుచూడకుండా, పార్వతీపురం, విజయనగరం వైపు మీకంటే బలమైన జట్లు ఎక్కడున్నాయో కనుక్కుని ఆదివారాల్లో స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడించండి. ఓడిపోయి వచ్చిన సోమవారం సాధనలో ఆ మ్యాచ్‌లో జరిగిన ఒకే ఒక్క లోపాన్ని తీసుకుని దానిమీదనే పనిచేయండి.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. బాస్కెట్‌బాల్ బాగా ఆడుతుంది. విశ్వవిద్యాలయం జట్టుకు ఎంపికైతే చదువు పోతుందని ఇంట్లో అందరికీ భయంగా ఉంది. సమ్మిట్ శిష్యురాళ్లందరూ పట్టభద్రులయ్యారని ఎక్కడో చదివాను. అది నిజమేనా?
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: నిజమే గాని, ఆ మాటను ఉన్నది ఉన్నట్టుగా చెప్పుకోవాలి. టెన్నెసీ జట్టులో తమకు అనుమతించిన సీజన్లన్నీ పూర్తిగా ఆడిన ప్రతి క్రీడాకారిణీ డిగ్రీ పూర్తిచేసింది. మధ్యలో మరో విశ్వవిద్యాలయానికి మారిపోయినవారు ఈ లెక్కలోకి రారు. ఆ మేరకు తగ్గించి చూసినా, 38 ఏళ్లలో ఒక్కరు కూడా తప్పిపోకపోవడం చాలా పెద్ద విషయం. నా దృష్టిలో ఎనిమిది టైటిళ్ల కంటే ఇది గొప్పది.

ఇది పిల్లల తెలివితేటల మీద వదిలేసినందువల్ల జరిగింది కాదు. తరగతిలో మొదటి మూడు వరుసల్లోనే కూర్చోవాలని, తగిన కారణం లేకుండా ఒక్క తరగతి కూడా మానకూడదని ఆమె నియమం పెట్టారు. తరగతికి వెళ్లని అమ్మాయికి ఆ వారం మ్యాచ్‌లో చోటు ఉండేది కాదు, ఆమె జట్టులో ఎంత ముఖ్యురాలైనా సరే. ఈ నియమం పాటించడం వల్ల ఒక మ్యాచ్ పోవచ్చునని తెలిసే ఆమె దాన్ని పాటించారు. అధ్యాపకులు కూడా క్రీడాకారిణులను గౌరవంగా చూడడానికి ఇదే దారితీసింది.

మీరు చేయవలసినది ఆట మాన్పించడం కాదు. కళాశాలకు వెళ్లి ఫిజికల్ డైరెక్టరు గారిని స్వయంగా కలవండి. సెలక్షన్లకు, శిక్షణ శిబిరానికి, సౌత్ జోన్ పోటీలకు వెళ్లిన రోజులకు హాజరు ఎలా వేస్తారో, ఆ కాగితం ఎవరి సంతకంతో ప్రిన్సిపాల్ గారికి చేరాలో అడిగి తెలుసుకోండి. ఇంటర్నల్ పరీక్ష తప్పిపోతే మళ్లీ ఎప్పుడు పెడతారో కూడా ముందుగానే అడగండి. ఆడపిల్లలు ఆట మానేయడానికి చదువు బరువు కంటే ఈ కాగితాల విషయం ఎవరూ పట్టించుకోకపోవడమే ఎక్కువగా కారణమవుతోందని, మహిళా కళాశాలలో పనిచేసిన అనుభవంతో చెప్పగలను. పోటీకి వెళ్లి వచ్చిన పిల్లకు హాజరు తగ్గి పరీక్ష ఫీజు కట్టించుకోలేదంటే, ఆ ఇంట్లో రెండో అమ్మాయిని ఇక గ్రౌండుకు పంపరు.

ప్రశ్న: మహిళల కళాశాల బాస్కెట్‌బాల్‌లో అందరికంటే ఎక్కువ విజయాలు ఇప్పటికీ సమ్మిట్‌వేనా?
– పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: కావు. ఆమె 1,098 మ్యాచ్‌లు గెలిచి 208 ఓడారు. 2005లో 880వ విజయంతో పురుషుల జట్ల శిక్షకుడు డీన్ స్మిత్ రికార్డును దాటారు. 2020 డిసెంబరులో స్టాన్‌ఫర్డ్ శిక్షకురాలు టారా వాన్‌డెర్‌వీర్ సమ్మిట్‌ను దాటి, 1,216 విజయాలతో 2024లో విరమించారు. అదే సంవత్సరం నవంబరులో కనెక్టికట్ శిక్షకుడు జీనో ఆరియెమ్మా ఆ సంఖ్యను కూడా దాటారు. వివియన్ స్ట్రింగర్ కథ వీళ్లకు భిన్నమైనది. చేనీ స్టేట్, అయోవా, రట్గర్స్ అనే మూడు వేర్వేరు కళాశాలల జట్లను ఆమె జాతీయ పోటీల చివరి నాలుగు జట్లలో నిలబెట్టారు. ఒకేచోట ఉండడం ఒక్కటే దారి కాదని ఆమెను చూస్తే తెలుస్తుంది.

ప్రశ్న: ఆమె ఎందుకు విరమించారు?
– గృహిణి, ఆమదాలవలస

జవాబు: 2011లో, 59 ఏళ్ల వయసులో, తనకు చిన్న వయసులోనే వచ్చే రకం అల్జీమర్స్ అనే మతిమరుపు వ్యాధి వచ్చిందని ఆమె స్వయంగా ప్రకటించారు. దాచిపెట్టి తప్పుకోవడానికి వీలున్నా అలా చేయలేదు. సహాయకుల తోడుతో మరొక సీజను పూర్తిచేసి, 2012లో బాధ్యతను హాలీ వార్లిక్‌కు అప్పగించారు. వార్లిక్ ఆమె దగ్గర ఆడిన అమ్మాయే. తరువాత చాలా ఏళ్లు ఆమెకు సహాయకురాలిగా పనిచేశారు. అదే సంవత్సరం అమెరికా అధ్యక్షుడి స్వేచ్ఛా పతకం సమ్మిట్‌కు లభించింది. 2016 జూన్ 28న ఆమె కన్నుమూశారు.

ప్రశ్న: నేను ఎం.పి.ఎడ్. చదువుతున్నాను. బాస్కెట్‌బాల్ శిక్షకురాలిగానే జీవితాంతం పనిచేయాలని ఉంది. మన ప్రాంతంలో అది సాధ్యమా?
– విద్యార్థిని, రాజాం

జవాబు: సాధ్యమే, కాని సమ్మిట్‌కు ఉన్న సౌకర్యం మీకు ఉండదని ముందే తెలుసుకుని బయలుదేరాలి. ఆమె ఉద్యోగం ఒకే ఆటకు సంబంధించినది. మన డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టరు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, అథ్లెటిక్స్ అన్నీ చూసుకోవాలి. స్వాతంత్ర్య దినోత్సవ కవాతు కూడా ఆ తల మీదనే ఉంటుంది. ఆ ఉద్యోగానికి ఎం.పి.ఎడ్.తో పాటు నెట్ గాని సెట్ గాని అవసరం. శిక్షకురాలిగా ఒకే ఆటలో నిలవాలంటే, 1961లో స్థాపించిన పాటియాలా జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే శిక్షణ డిప్లొమా చేయడం మంచిది. రెండూ ఉంటే దారులు పెరుగుతాయి.

ఇక బదిలీల సంగతి. ప్రభుత్వ కళాశాలలో చేరితే అవి తప్పవు. ఒక జట్టు కుదురుకునే వేళకు మీరు మరో ఊళ్లో ఉంటారు. అందువల్ల మీరు ఎక్కడ పనిచేసినా ప్రతి అమ్మాయి పేరున ఒక పుస్తకం పెట్టండి. ఆమె ఎత్తు, పరుగు, గాయాలు, చదువు మార్కులు, ఇంటి పరిస్థితి అందులో రాసి, మీ తరువాత వచ్చేవారికి అప్పగించండి. డిగ్రీ పూర్తయి ఊళ్లోనే ఉన్న పాత క్రీడాకారిణులను సాయంత్రాలు గ్రౌండుకు రప్పించండి. సమ్మిట్ తన జట్టును తన శిష్యురాలి చేతిలో పెట్టగలిగారంటే, ఆ శిష్యురాలు అన్నేళ్లు పక్కనే ఉండడం వల్లనే.

ఈ నేలకు ఇటువంటి శిక్షణ కొత్తది కాదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి. ఆమెకు పన్నెండేళ్ల వయసులో బరువులెత్తడం నేర్పినది నీలంశెట్టి అప్పన్న గారు. భారత మహిళకు దక్కిన తొలి ఒలింపిక్ పతకం అలా ఒక ఊరి వ్యాయామశాలలో మొదలైంది.

మీరు చేరిన మొదటి రోజునే చూడవలసిన చిన్న విషయం ఒకటుంది. అమ్మాయిలు ఆడవలసినది 6వ సైజు బంతితో. చుట్టుకొలత 28.5 అంగుళాలు. అమెరికా కళాశాలల్లో మహిళలకు 1984–85 నుంచి ఈ బంతినే వాడుతున్నారు. మన పాఠశాలల్లో, కళాశాలల్లో బీరువా తెరిస్తే అబ్బాయిల కోసం కొన్న 7వ సైజు బంతులే చాలాసార్లు కనిపిస్తాయి. వాటితోనే అమ్మాయిలకు సాధన చేయిస్తే చెయ్యి సరిగా పట్టదు, బంతి వేసే తీరు మొదట్లోనే చెడిపోతుంది. పరికరాలకు ఇండెంటు రాసేటప్పుడు సైజు అంకెను స్పష్టంగా రాసి, సరుకు వచ్చాక సంతకం పెట్టే ముందు ఒక్కొక్క బంతినీ చూసి తీసుకోండి.