పీట్ నేలలో దొరికే ప్రాచీన దేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఉత్తర ఐరోపాలో పీట్ (నీటిలో సగం మాత్రమే కుళ్లి పేరుకున్న మొక్కల పొర) ఉండే బురదనేలల్లో రెండు వేల ఏళ్లనాటి మనుషుల దేహాలు దొరికాయంటారు. చర్మం, జుట్టు నిలిచి ఎముకలు కరిగిపోవడం ఏమిటి?

జవాబు: వాననీటి మీదే బతికే బురదనేలల్లో స్ఫాగ్నం అనే నాచు పెరుగుతుంది. అది నీటిని ఆమ్లంగా మారుస్తుంది. ఎముకలోని కాల్షియం లవణాలు ఆ ఆమ్లంలో కరిగిపోతాయి. మెత్తబడిన ఎముక పైనున్న పీట్ బరువుకు వంగిపోతుంది, విరుగుతుంది కూడా. చర్మం సంగతి వేరు. చచ్చిన నాచు నుంచి వెలువడే స్ఫాగ్నన్ అనే పిండిపదార్థపు జాతి రసాయనం, తోళ్ల శుద్ధిలో జరిగినట్టే, చర్మాన్ని బిగించి నిలబెడుతుంది. దేహాల గోధుమరంగు, ఎర్రటి జుట్టు ఈ చర్య వల్ల వచ్చినవే. వాటిని బట్టి ఆ మనిషి అసలు రంగు చెప్పకూడదు.

లోపల ఆక్సిజన్ లేకపోవడమూ అవసరమే. అయితే అన్నిటికన్నా ముందు చల్లదనం కావాలి. నీరు సుమారు 4 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన ఉన్నప్పుడు శవం చేరితేనే, పేగుల్లోని బాక్టీరియా విజృంభించేలోగా ఆమ్లం లోపలికి ఇంకుతుంది. వేసవిలో పడిన శవం మామూలుగానే కుళ్లిపోతుంది. ఆమ్లం తక్కువున్న పీట్‌లో ఫలితం తిరగబడుతుంది. ఫ్లోరిడాలోని విండోవర్ చెరువులో 7,000 ఏళ్లు దాటిన అస్థిపంజరాలు, పుర్రెల్లో మెదడు కణజాలం దొరికాయి. చర్మం మాత్రం మిగల్లేదు.

ప్రశ్న: బయటికి తీశాక ఎలా కాపాడతారు?

జవాబు: అసలు ప్రమాదమంతా అప్పుడే. గాలి తగిలితే బూజు పడుతుంది, తడి ఆరితే చర్మం ముడుచుకుని పగులుతుంది. అందుకే దేహాన్ని విడిగా లాగకూడదు. చుట్టూ ఉన్న పీట్‌తో సహా ఒకే దిమ్మగా కోసి, తడి ఆరకుండా చుట్టి, చల్లగా ఉంచి ప్రయోగశాలకు చేర్చాలి.

1950లో డెన్మార్క్‌లో దొరికిన టోలండ్ మనిషి విషయంలో తల ఒక్కదాన్నే పూర్తిగా భద్రపరచారు. నీటిని ఆల్కహాల్‌తో, దాన్ని టోలుయీన్ అనే ద్రావకంతో తొలగించి, చివరికి మైనం ఎక్కించారు. ముఖం చెదరలేదు కానీ తల దాదాపు 12 శాతం కుంచించుకుపోయింది. మిగతా దేహం చాలామటుకు ఎండిపోయి పాడైంది. పూడ్చలేని నష్టమది. 1952లో దొరికిన గ్రౌబల్ మనిషికి మరో దారి పట్టారు. పీట్ మొదలుపెట్టిన తోలు శుద్ధి పనినే ఓక్ చెట్టు బెరడుతో ఏడాదిన్నర పాటు కొనసాగించారు. దేహం మొత్తం దక్కింది. 1984లో ఇంగ్లండ్‌లో దొరికిన లిండో మనిషిని పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే, నీటిలో కరిగే రసాయనపు 15 శాతం ద్రావణంలో నానబెట్టి, గడ్డకట్టించి, శూన్యంలో ఆరబెట్టారు. మంచు కరగకుండా నేరుగా ఆవిరైపోతుంది కాబట్టి ముడత తక్కువ. ఈ మూడింటిలో ఇదే మేలైన పద్ధతి.

ప్రశ్న: వీళ్లంతా హత్యకు గురైనవాళ్లేనా?

జవాబు: అందరినీ ఒకే గాటన కట్టలేం. టోలండ్ మనిషి మెడకు తోలు ఉరితాడు ఉంది. గ్రౌబల్ మనిషి గొంతు కోసి ఉంది. ఆయన పుర్రె పగులు కూడా దెబ్బ వల్లేనని మొదట్లో అనుకున్నారు. సీటీ స్కాన్ చేశాక, అది చనిపోయిన చాలా కాలానికి పీట్ ఒత్తిడికి ఏర్పడిందని తేలింది. విరిగిన ప్రతి ఎముకనూ హింసకు సాక్ష్యంగా తీసుకుంటే ఇలాగే పొరబడతాం. కడుపులోని ఆహారం మాత్రం సూటిగా మాట్లాడుతుంది: టోలండ్ మనిషి చనిపోవడానికి 12 నుంచి 24 గంటల ముందు బార్లీ, అవిసె, కలుపు గింజల జావ, చేప తిన్నాడు. పేగుల్లో నులిపురుగుల గుడ్లూ ఉన్నాయి.