షియాన్‌లో ఒక్కరోజు: బెల్ టవర్ నుంచి దాయెన్‌తా దాకా నడిచి వెళ్లొచ్చా?

అక్టోబరు చివర్లో అమ్మగారితో చైనాలోని షియాన్ వెళ్తున్నామని, చేతిలో ఒక్కరోజే ఉందని, బెల్ టవర్, కోటగోడ, రెండు బౌద్ధ గోపురాలు చూడాలంటే నడవాలా టాక్సీ మాట్లాడుకోవాలా అని అడిగారు. అమ్మగారు మాంసం ముట్టరని కూడా రాశారు.

నడవండి. వైద్యం చదువుతూ ఆ ఊళ్లో ఐదేళ్లున్నాను. చివరి ఏడు మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇదే దారిలో వాళ్లను తీసుకెళ్లాను. టైం చాలకపోతే చూసే చోట్లలో ఒకటి మానేయండి గానీ, మధ్యలో నడకను మాత్రం మానుకోకండి.

బెల్ టవర్ నుంచి దక్షిణ ద్వారం కిలోమీటరు. అక్కణ్నుంచి చిన్న గోపురం షియావ్‌యెన్‌తా కిలోమీటరున్నర. అక్కణ్నుంచి పెద్ద గోపురం దాయెన్‌తా నాలుగు కిలోమీటర్లు. సందుల్లో తిరిగేది కూడా కలిపితే రోజు మొత్తానికి పది దాకా అవుతుంది. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే చివరి నాలుగూ మెట్రోలో వెళ్లండి, మొదటి భాగం మాత్రం నడిపించండి.

ముందు ఒక జాగ్రత్త. మనం ఇక్కడ వాడే మ్యాపును నమ్ముకోవద్దు. చైనాలో మ్యాపులు వేరే కొలమానంతో గీస్తారు. అందువల్ల బయటి యాప్‌లో మనమున్న చోటుని చూపే నీలం చుక్క కొన్ని వందల మీటర్లు పక్కకి జరిగి ఉంటుంది. కొత్తలో నేను ఆ చుక్కనే నమ్మి, రాత్రి పూట హాస్టల్ ఉన్న వీధి వదిలేసి పక్క వీధుల్లో గంటసేపు తిరిగాను. గావోడేనో బైదూ మ్యాపో ఇక్కడే ఎక్కించుకుని వెళ్లండి. అక్కడ డబ్బు చెల్లించే యాప్ అలీపేకి మీ కార్డు జోడించుకోండి. పాస్‌పోర్టు జేబులోనే ఉంచుకోండి, టికెట్ల దగ్గర అడుగుతారు.

ఇంకో నాలుగు మాటలు నేర్చుకోండి: బే అంటే ఉత్తరం, నాన్ దక్షిణం, తోంగ్ తూర్పు, షీ పడమర. షియాన్ వీధులు గళ్ల నోటుబుక్కులా సూటిగా ఉంటాయి కాబట్టి దారి అడిగితే అక్కడివాళ్లు కుడి ఎడమలు చెప్పరు, "బేకి వెళ్లి తోంగ్‌కి తిరుగు" అంటారు. మన పల్లెల్లో "కాస్త తూర్పుకి జరిగి కూర్చో" అన్నట్టే. మా నాన్నకి చైనీసులో వచ్చినవి ఆ నాలుగు మాటలే, వాటితోనే ఒక పూటంతా మమ్మల్ని నడిపించారు.

ఉదయం ఎనిమిదికల్లా బెల్ టవర్ దగ్గర ఉండండి. 1384లో కట్టారు. అప్పట్లో ఇంకా పడమరగా, కిలోమీటరు అవతల ఉండేది, 1582లో విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. నాలుగు పెద్ద వీధులు దాని చుట్టూ కలుస్తాయి. రోడ్డు దాటాలని చూడకండి, కిందనుంచే దారి ఉంది. పైకెక్కకపోయినా నష్టం లేదు. చూడాల్సింది దాని పడమర పక్కన, రెండు నిమిషాల నడకలో ఉన్న డ్రమ్ టవర్ కింది కమాను. ఆ కమానులోంచి ఉత్తరానికి నడిస్తే ఊరు ఒక్కసారిగా మారిపోతుంది. అది హుయ్ ముస్లింల పేట. పెద్ద వీధి పొద్దున పదయ్యాక తిరనాళ్లలా ఉంటుంది, అందుకే ముందే వెళ్లమంటున్నాను. ఎడమకి సన్నటి హువాజ్యుయె సందు పట్టుకుంటే పెద్ద మసీదు వస్తుంది. గుమ్మటం ఉండదు, వంపు తిరిగిన పెంకుల కప్పులు, చెక్క మండపాలు, ఒకదాని వెనక ఒకటి ముంగిళ్లు. చైనా గుళ్లు మామూలుగా దక్షిణముఖంగా ఉంటాయి, ఈ ప్రాంగణం మాత్రం మక్కా దిక్కుగా పడమటికి సాగుతుంది. ప్రార్థన మందిరం లోపలికి ముస్లింలు కానివాళ్లని రానివ్వరు, గుమ్మం దగ్గర నిలబడి చూడొచ్చు.

తిండి సంగతి. ఆ పేటంతా గొర్రె మాంసం, పశుమాంసం. అమ్మగారికి రెండు రకాలు వెతకండి. ఒకటి లియాంగ్‌పీ: బియ్యప్పిండితోనో గోధుమపిండితోనో చేసే చల్లటి వెడల్పాటి పట్టీలు, దోసకాయ తురుము, వెనిగర్, కారం నూనెతో కలిపిస్తారు. రెండోది యోపోమ్యెన్. దీన్ని వేసేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. పిండి ముద్దని రెండు చేతులా పట్టుకుని సాగదీస్తూ బల్లమీద కొడతారు, బెల్టంత వెడల్పు పట్టీ అవుతుంది. ఉడికించి గిన్నెలో వేసి, పైన ఎండుకారం, తరిగిన ఉల్లికాడలు, వెల్లుల్లి కుప్పగా పెడతారు. గరిటెడు నూనె పొగలొచ్చేదాకా కాచి ఆ కుప్పమీదే పోస్తారు. చుయ్‌మన్న ఆ చప్పుడు, ఆ ఘాటు! "ఇది మన తిరగమోతే కదరా" అంది అమ్మ. వచ్చిన నాలుగు రోజుల్లో కడుపునిండా తిన్నది ఆ పూటే. "వో చ్ సూ" అంటే నేను శాకాహారిని అని. మాట తప్పుగా పలికితే అర్థం కాకపోవచ్చు, కాబట్టి మాంసం, మాంసపు రసం రెండూ వద్దని చైనీసులో రాయించుకుని ఫోనులో చూపించండి.

అక్కణ్నుంచి వెనక్కి వచ్చి దక్షిణపు వీధి పట్టుకోండి. ద్వారానికి కాస్త ముందు తూర్పుగా తిరిగితే షుయువాన్‌మెన్ వీధి: కుంచెలు, సిరా రాళ్లు, రాతిమీదనుంచి కాగితంమీదికి ఎత్తిన అచ్చులు. చివర శిలాశాసనాల మ్యూజియం, పేరు బేలిన్. అంటే రాళ్ల అడవి. 837లో చెక్కించిన కన్ఫ్యూషియస్ సంప్రదాయ గ్రంథాలు 114 పలకలమీద ఉన్నాయక్కడ. 781 నాటి క్రైస్తవ శాసనం కూడా ఉంది, చైనీసుతోపాటు సిరియాక్ లిపిలో. శాసనాలంటే ఇష్టముంటే గంటన్నర పెట్టుకోండి, లేకపోతే వీధి చూసి ముందుకెళ్లండి.

దక్షిణ ద్వారం దగ్గర గోడ ఎక్కండి. మింగ్ రాజుల కాలంలో, 1370లలో కట్టింది. చుట్టుకొలత పధ్నాలుగు కిలోమీటర్లకి కొంచెం తక్కువ, ఎత్తు పన్నెండు మీటర్లు, పైభాగం కారు సులువుగా నడిచేంత వెడల్పు. అద్దె సైకిళ్లుంటాయి. చుట్టూ తిరిగే టైం మీకుండదు, అరగంట చాలు. 120 మీటర్లకొకటి చొప్పున బురుజు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. రెండు బురుజులమీదనుంచీ వేసే బాణాలు మధ్యలో కలిసేలా ఆ కొలత పెట్టుకున్నారని చెబుతారు.

ఇప్పుడు దక్షిణానికి తిరిగి చూడండి. టూరిస్టులు చాలామంది పాత ఊరు ఈ గోడతో అయిపోయిందనుకుని టాక్సీ ఎక్కేస్తారు. కానీ ఈ గోడ లోపలున్నది తాంగ్ రాజుల కాలపు ఛాంగాన్‌లో (ఈ ఊరి పాత పేరు అదే) ఏడో వంతే. ఆ ఊరి విస్తీర్ణం 84 చదరపు కిలోమీటర్లు, లోపల 108 పేటలు, పేటపేటకీ గోడ. దాయెన్‌తా కూడా ఆ ఊరి పేటల్లో ఒకదానిలోనే ఉండేది. మీరు రెండు గంటలు నడిచినా ఇంకా పాత ఊరి లోపలే ఉంటారన్నమాట. ఆ పెద్దతనం కాళ్లకి తెలియాలనే నేను నడవమంటున్నది. ఆఫీసులు, బస్టాపులు, స్కూళ్ల దగ్గర పిల్లలకోసం కాచుకునే తాతలు, వీధి పొడుగునా సోఫోరా చెట్ల నీడ, దారిలో కనిపించేది అంతే. ఫుట్‌పాత్‌మీద వెనకనుంచి ఎలక్ట్రిక్ స్కూటర్లు చప్పుడు లేకుండా వచ్చేస్తాయి, అమ్మగారిని లోపలి వైపు నడిపించండి.

షియావ్‌యెన్‌తా 707 నాటిది. పదిహేను అంతస్తులుండేవి, 1556 భూకంపంలో పైవి పడిపోయి పదమూడు మిగిలాయి. 1487లో భూకంపానికి నిలువునా చీలిందని, 1521లో ఇంకో భూకంపానికి ఆ చీలిక మూసుకుపోయిందని గుమ్మం పైకమ్మిమీద చెక్కి ఉంది. జనం తక్కువ, చెట్లకింద బెంచీలున్నాయి. మధ్యాహ్నం అక్కడ గంటసేపు కూర్చోబెట్టండి. మన పాఠాల్లో చదువుకున్న ఇత్సింగ్, సముద్రంమీద వచ్చి నలందలో చదివి వెళ్లినాయన, ఈ మఠంలోనే గ్రంథాలు అనువదించాడు.

ఇక దాయెన్‌తా. ఇటుకలతో కట్టిన ఏడంతస్తుల గోపురం, 64 మీటర్ల ఎత్తు, కాస్త ఒరిగి ఉంటుంది. భారతదేశం నుంచి 645లో 657 గ్రంథాలతో తిరిగొచ్చిన హుయాన్‌త్సాంగ్, వాటిని భద్రపరచడానికి 652లో కట్టించింది. కింది అంతస్తులో దక్షిణపు గుమ్మానికి రెండు పక్కలా ఉన్న శాసనాలను తప్పక చూడండి, ఆయన అనువాదాలకి చక్రవర్తి రాసిన ముందుమాట అందులోనే ఉంది. మా నాన్నది గుంటూరు వైపు. మన అమరావతిని, అప్పటి ధాన్యకటకాన్ని, హుయాన్‌త్సాంగ్ చూశాడని, అక్కడ కొన్ని నెలలుండి ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం చదువుకున్నాడని ఆ దారిలోనే చెప్పాను. గోపురానికి దక్షిణంగా ఉన్న చౌకులో ఆయన కంచు విగ్రహం ఉంది, చేత్తో దండం పట్టుకుని నడుస్తున్నట్టు. నాన్న దాని ముందు బూట్లు విప్పి, సాక్సులతో ఆ చల్లటి రాళ్లమీద కాసేపు నిలబడ్డారు. "మా ఊరినుంచి ఇక్కడికి నడిచొచ్చాడా" అన్నారు, అంతే.

తిరుగు ప్రయాణానికి దాయెన్‌తా స్టేషన్లో మూడో లైను ఎక్కి, షియావ్‌జాయ్‌లో రెండో లైనుకి మారండి, బెల్ టవర్ స్టేషన్లో దింపుతుంది. పొద్దున్నుంచి మీరు నడిచిన దారిలో చాలా భాగం ఆ రెండో లైనుకి సరిగ్గా పైనే ఉంటుంది. మట్టి సైనికుల మ్యూజియం ఊరికి చాలా తూర్పున ఉంది, దాన్ని ఈ రోజులో ఇరికించొద్దు. అమ్మగారికి రెండో జత మెత్తటి చెప్పులు సంచిలో పెట్టుకోండి, అక్టోబరు చివర్లో సాయంత్రం చలి వేస్తుంది, శాలువా కూడా.