యూరియా నీళ్ళు తాగిన ఆవుకు వెనిగర్ పోయొచ్చా?

ప్రశ్న: పచ్చళ్ళు పెట్టి అమ్ముదామని వెనిగర్ 5 లీటర్ల క్యాన్లు రెండు తెచ్చాం. అది సాగలేదు, ఒకటిన్నర క్యాను మిగిలిపోయింది. పాల క్యాన్ లోపలి తెల్ల పొర, మూసుకుపోయే స్ప్రేయర్ నాజిల్, కళ్ళంలో తుంగ, మామిడిలో పండు ఈగ... వీటిలో దేనికైనా పనికొస్తుందా? ఇంకో సంగతి. మా పక్కింటివాళ్ళ ఆవు యూరియా బస్తా జాడించిన నీళ్ళు తాగి గంటలోపే పోయింది. 'వెనిగర్ పోసుంటే బతికేది' అంటున్నారు. నిజమేనా?
– మహిళా రైతు, చీపురుపల్లి మండలం, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, మీరు చివర్లో అడిగినదానికే ముందు చెబుతాను, ఎందుకంటే అక్కడ నిమిషాలు కూడా లెక్కే. వాళ్ళు అన్నది చాలావరకు నిజం. యూరియా విషానికి వెనిగర్ పాత వైద్యమే, పశువైద్యులూ వాడతారు.

యూరియా పశువు పెద్ద పొట్టలోకి చేరగానే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా విడగొడతాయి. కొద్దికొద్దిగా వస్తే ఆ అమ్మోనియా వాటికే మేత. ఒక్కసారిగా వస్తే రక్తంలోకి ఎక్కేస్తుంది. సాధారణంగా అరగంట, గంటలోపే నోటి వెంట నురగ, ఒళ్ళంతా వణుకు, తూలడం, ఎడమ డొక్క ఉబ్బడం, ఎగశ్వాస కనిపిస్తాయి. వెనిగర్‌లోని ఆమ్లం అమ్మోనియాను రక్తంలోకి తేలిగ్గా ఎక్కని రూపంలోకి మారుస్తుంది. చన్నీళ్ళు పొట్టను చల్లబరచి యూరియా విడిపోయే వేగాన్ని తగ్గిస్తాయి. అందుకే రెండూ కలిపి ఇస్తారు.

ముందు మీ పశువైద్యుడికో, పశువుల అంబులెన్సు నంబరు 1962కో ఫోన్ చేయండి. డాక్టరు సరేనంటే పెద్ద పశువుకు 2 నుంచి 4 లీటర్ల వెనిగర్, దానికి సమానంగా చన్నీళ్ళు కలిపి తాగించండి. మేకకైతే అర లీటరుతో మొదలుపెడతారు. పశువు నిలబడి, గుటక వేస్తున్నప్పుడే పోయాలి. తల బాగా పైకెత్తకండి, నాలుక పట్టి లాగకండి. పడిపోయి కొట్టుకుంటున్న పశువుకు నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి అదే ప్రాణం తీస్తుంది. అప్పుడు డాక్టరు గొట్టం వేసి పోయాల్సిందే. ఇక్కడ వెనిగర్ అంటే లేబుల్ మీద 4, 5 శాతం ఎసిటిక్ ఆమ్లం అని ఉన్న వంట వెనిగర్ మాత్రమే. రబ్బరు షీట్ల తయారీకి వాడే, రసాయనాల షాపుల్లో దొరికే గాఢమైన ఆసిడ్ చుక్క పడినా చర్మం కాలుతుంది, దాని జోలికి పోవద్దు.

ఇంకో జాగ్రత్త. నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. పెళ్ళి భోజనాల్లో మిగిలిన అన్నం బకెట్ల కొద్దీ తిన్న ఆవుకూ, కట్టు తెంచుకుని కళ్ళంలో వడ్ల కుప్ప మీద పడ్డ ఆవుకూ డొక్క ఉబ్బుతుంది, మేత మానేస్తుంది. చూడ్డానికి దగ్గరగానే ఉంటుంది కానీ, దాని పొట్ట అప్పటికే పులిసి ఆమ్లంతో నిండి ఉంటుంది. దానికి వెనిగర్ పోస్తే నిప్పులో కిరసనాయిలు పోసినట్టే. అక్కడ డాక్టరు చెప్పిన మోతాదులో వంట సోడా ఇవ్వాలి. తేడా ఎలా తెలుస్తుందంటారా? ముందు కుడితి తొట్టి, చుట్టుపక్కలా చూడండి, ఏం తిన్నదో అక్కడే తెలుస్తుంది. యూరియా అయితే లక్షణాలు గబగబా వస్తాయి. గింజలైతే కొన్ని గంటల నుంచి ఒక రోజు పడుతుంది, పేడ పలచగా పుల్లటి వాసన వస్తుంది.

గడ్డిని యూరియాతో మాగబెట్టేవాళ్ళు కూడా 100 కిలోల గడ్డికి 4 కిలోలు మించకుండా, మూడు వారాలు మూసి ఉంచి, తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి పెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు అసలు వద్దు.

ఇక మిగతావి. నాజిల్‌ను విప్పి తెల్ల మచ్చ మీద నాలుగు చుక్కలు వేసి చూడండి. సన్నగా బుసబుసమని బుడగలు లేస్తే అది బోరు నీళ్ళ సున్నం. అరగంట నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దితే రాలిపోతుంది. బుడగ లేవకపోతే అది మడ్డో, నాచో, మందు పొడో, వెనిగర్ దండగ. ఇత్తడి నాజిల్‌ను రాత్రంతా వదిలేయకండి, లోహం తినేస్తుంది. 2,4-డి లాంటి కలుపు మందు కొట్టిన ట్యాంకుకు మాత్రం వెనిగర్ వద్దు. దానికి బట్టల సోడా కలిపిన నీళ్ళే సరైనవి, తర్వాత మంచినీళ్ళతో మూడుసార్లు కడగాలి. ఆ మందు ఆనవాలు మిగిలితే వంకాయ ఆకులు మెలితిరిగిపోతాయి. వీలుంటే కలుపు మందుకు వేరే స్ప్రేయరే పెట్టుకోండి.

పాల క్యాన్‌లోని పొరలో కాల్షియంతో పాటు పాల కొవ్వు, మాంసకృత్తులు కూడా ఉంటాయి. కాబట్టి ముందు వేడి నీళ్ళు, డిటర్జెంటుతో రుద్ది కడిగి, ఆ తర్వాత వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడవండి. స్టీలు క్యానైతే పది నిమిషాలు ఉంచొచ్చు. అల్యూమినియంలో వెంటనే కడిగేయాలి, లేకపోతే గుంటలు పడతాయి. ఏదైనా బోర్లించి ఎండలో పెట్టండి. శాల కడిగేటప్పుడు బ్లీచింగ్ వాడితే, ఆ రోజు వెనిగర్ మూత కూడా తీయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన గదిలో అది మనుషులకే ప్రమాదం.

కళ్ళంలో తుంగ మీద ఎండలో చల్లితే ఆకు మాడుతుంది, కింది గడ్డలు చావవు. పది రోజుల్లో మళ్ళీ మొలుస్తుంది. లేత మొలకల మీదైతే కాస్త పనిచేస్తుంది, దానికోసం కొనక్కర్లేదు.

మామిడిలో వెనిగర్ బుట్టలు కట్టకండి. వెనిగర్‌కు వచ్చేది మాగిపోయిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగ. మీ సువర్ణరేఖ కాయలో గుడ్లు పెట్టే పండు ఈగ వేరు. దానికి మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు కాయ పక్వానికి రాకముందే కట్టాలి, రాలిన కాయల్ని ఏరి లోతుగా పాతిపెట్టాలి. ఆ బుట్టల్లో పడేది మగ ఈగలే, అందుకే ఏరివేత తప్పదు.

సగం క్యాను పై పనులకు వాడుకోండి. నిండు క్యాను మూత తీయకుండా శాలకు దగ్గరగా, పిల్లలకు అందని చోట పెట్టి, గోడ మీద డాక్టరు నంబరు, 1962 రాయించండి. యూరియా బస్తాలు శాలకు దూరంగా పెట్టండి, జాడించిన నీళ్ళు నేల మీదే పారబోయండి. పక్కింటివాళ్ళకు ఇంకా పశువులుంటే, క్యాను ఎక్కడుందో వాళ్ళకూ చెప్పి ఉంచండి.